వసపిట్ట నోరు కట్టుకున్న రోజు

కంటికి కనిపించిందల్లా నోటితో చెప్పకపోతే ఆయనకు తోచదు. ఉన్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో వేలెత్తి చూపించడానికి లేని మనిషి. కానీ సెలవురోజు ఏటి ఒడ్డున గాలం వేసి కూర్చున్నాడంటే మాత్రం, కాకి ఎగిరితే ఎగిరిందని చెప్పాలి, వాలితే వాలిందని చెప్పాలి. ఎగరకుండా, వాలకుండా ఊరికే ఉంటే, "పాపం, ఏదో ఆలోచనలో పడింది" అనైనా చెప్పాలి. అందుకే ఒడ్డున గాలాలు వేసేవాళ్ళందరూ కలిసి ఆయనకు వసపిట్ట అని పేరు పెట్టారు. ఆయన నొచ్చుకోలేదు. "బావా, నాకు పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు నవ్వుతున్నారు. అందులో ఒకాయనకు ముందు పన్ను లేదు" అని పక్కనున్న స్నేహితుడికి చెప్పి, మళ్ళీ ఏటివైపు తిరిగాడు.

ఇంతా చేసి ఆయన ఉద్యోగం ఏమిటనుకున్నారు? లైబ్రేరియన్. గోడ మీద ఎర్రక్షరాలతో 'నిశ్శబ్దం' అని బోర్డు ఉంటుంది. సరిగ్గా దాని కింద ఆయన కుర్చీ. ఎవరైనా పుస్తకం అడిగితే వేలితో బీరువా చూపిస్తాడు. ఇంకా అడిగితే అర చూపిస్తాడు. అప్పటికీ ఊరుకోకపోతే కళ్ళజోడు మీదుగా ఒక చూపు చూస్తాడు, అడిగినవాడు పుస్తకం అక్కర్లేదని వెళ్ళిపోతాడు. "వారమంతా మింగిన మాటలు అరగక, ఇక్కడికొచ్చి కక్కుతున్నాడండీ" అని ఒడ్డున గాలం వేసే పళ్ళ డాక్టరు జబ్బు తేల్చేశాడు. వారమంతా జనాన్ని నోళ్ళు తెరవమని బతిమాలే ఆ డాక్టరు, సెలవురోజున ఒక్క మనిషి నోరు మూయించలేక నానా తంటాలు పడేవాడు.

ఈ వాగుడుకు రోజంతా చెవి అప్పగించి కూర్చునే ప్రాణి ఒకే ఒక్కటి. ఆ ప్రాణి బాయిలర్లు చేసే కార్ఖానాలో వెల్డరు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటారు గానీ ఏ చుట్టరికమూ లేదు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బెత్తం దెబ్బలు తిన్నారు. ఆ దెబ్బలే చుట్టరికం. ఇద్దరూ గాలపు కర్రలు భుజాన వేసుకుని, వెల్డరు ఇంటి గుమ్మం దిగీ దిగగానే మొదలయ్యేది.

"బావా, ఎండ వచ్చింది. గుమ్మం ముందు పిల్లి పడుకుంది, దాటి అడుగు వెయ్యి. ముందు గుంట ఉంది, మొన్నటిదాకా లేదు, ఎవరో తవ్వి పూడ్చడం మర్చిపోయారు. ఎడమకి రా. సైకిలువాడొస్తున్నాడు, బెల్లు లేదు, కంగారు మాత్రం ఉంది."

"నాకు కనపడుతూనే ఉందిలే బావా."

"కనపడుతుందని నాకూ తెలుసు. నోరు ఊరుకోదు కదా!"

ఒడ్డున కూర్చున్నాక అసలు సంగీతం అప్పుడు. "నీ గాలపు బెండు ఊగింది బావా. లాగకు, చిన్న పరిగ చేపలు ఎరను ముద్దు పెట్టుకుంటున్నాయి. ఊఁహూఁ, ఇంకా లాగకు. మునిగింది! ఆఁ, పట్టావు! నా బెండు చూడు, ఎండలో పడుకున్న ముసలి పిల్లిలా కదలదు మెదలదు. అదిగో, అవతలి ఒడ్డున లకుముకిపిట్ట. నీలం రంగు ఇప్పుడే పూసినట్టుంది, ముట్టుకుంటే వేలికి అంటేలా ఉంది."

సాయంత్రానికి వెల్డరు బుట్ట నిండేది. వసపిట్ట బుట్టలో గడ్డిపోచ ఉండేది. "వాగేవాడికి చేప పడదు, చూశారా" అని పళ్ళ డాక్టరు అందరికీ చూపించేవాడు. వెల్డరుకు లోపల్లోపల గర్వంగా ఉండేది. ఇంత గోలలో ఇన్ని చేపలు పడుతున్నానంటే, వీడు కాస్త నోరు మూస్తే ఏటిని ఖాళీ చేసెయ్యనూ! 'నా చేతికే కళ్ళున్నాయి' అనుకునేవాడు.

చేతికి కళ్ళుండాల్సిన అవసరం ఆయనకు నిజంగానే వచ్చింది. వెల్డరుకు చూపు పోతోంది. ఎడమ కంటికి ఎప్పుడు చూసినా పొగమంచే. కుడి కంటికి నడిమధ్య నల్ల మచ్చ. ఎటు చూడబోతే అటు ఆయనకన్నా ముందే పోయి నిలబడుతుంది. మనిషి ముఖం చూడబోతే ముఖం ఉండదు, చెవులుంటాయి. ఏట్లో బెండు చూడబోతే బెండు ఉండదు, ఏరు ఉంటుంది.

ఇది తలరాత కాదు, కార్ఖానా రాత. వెల్డింగు మంట ముందు పెట్టుకునే మాస్కుకు మంచి నల్లద్దం ఉండాలి. పగిలితే కొత్తది వెయ్యాలి. ఆ షెడ్డులో పగిలిన అద్దానికి టేపు అతికించి "వచ్చే నెల చూద్దాం" అంటారు. వచ్చే నెల అనేది ఆ కార్ఖానా క్యాలెండరులో లేని నెల. పగుళ్ళలోంచి దూరిన మంటకు కళ్ళు ఎర్రబడి, ఇసుక పోసినట్టు గరగరలాడుతుంటే, ఇంటికొచ్చి బంగాళదుంప చక్రాలు కళ్ళ మీద పెట్టుకుని పడుకునేవాళ్ళు అక్కడి వెల్డర్లు. కళ్ళు కార్మికుడివి, అద్దం యజమానిది. ఏది పోతే తనకు నష్టమో యజమానికి బాగా తెలుసు.

అంతకుముందు ఒక ముసలి ఫిట్టరుకు చూపు మందగించింది. పిలిచి, చప్పట్లు కొట్టి, గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. చూపు లేనివాడికి గడియారం! అది చూశాక వెల్డరు తన సంగతి ఎవరికీ పొక్కనివ్వలేదు. షెడ్డులో చేతి అలవాటుతో, నిప్పురవ్వల చిటపటను చెవితో వింటూ నెట్టుకొస్తున్నాడు. పెళ్ళాం దగ్గర దాచాడు, పిల్లల దగ్గర దాచాడు, ఆఖరికి బావ దగ్గర కూడా దాచాడు. పరువు కోసం కాదు, బువ్వ కోసం.

అలాంటివాడికి ఫోర్‌మన్ అంటే ఎంత భయముండాలి? షెడ్డులో అంటే సరే, తప్పదు. సెలవురోజున ఏటి ఒడ్డున కూడా ఆయనే ఎదురైతే ఏం చెయ్యాలి? నదికి యజమాని లేడు గానీ, నది ఒడ్డుకు కార్యదర్శి ఉన్నాడు. వంతెనకు ఎగువన నీడ, పచ్చిక, కూర్చోడానికి చెక్కబల్లలు ఉన్న మేలైన ఒడ్డంతా గాలాల సంఘానిది. బావలిద్దరూ చందా కట్టి అందులో చేరినవాళ్ళే. ఆ సంఘానికి కార్యదర్శి వెల్డరు షెడ్డు ఫోర్‌మనే. వంతెనకు దిగువన బురద, బట్టలుతికే బండలు, ఈత కొట్టే పిల్లలు. అది అందరిదీ. మంచిదంతా కొందరిదీ, మిగిలిందంతా అందరిదీ కావడం ఏటి ఒడ్డున పుట్టిన ఆచారం కాదులెండి.

ఒకనాడు సంఘంలో వసపిట్ట మీద ఫిర్యాదు వచ్చింది.

"అతని గోలకి చేపలన్నీ పారిపోతున్నాయండీ" అన్నాడు పళ్ళ డాక్టరు.

"పక్కనే కూర్చున్న వెల్డరుకు పడుతున్నాయి కదా?" అని ఎవరో అడిగారు.

"అవి చెవిటి చేపలు" అన్నాడు డాక్టరు, తడుముకోకుండా.

ఫోర్‌మన్ రంగేసిన మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. వచ్చే సెలవురోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వసపిట్ట నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. వచ్చిందా, సంఘంలో ఉండడు.

వెల్డరు లెక్క వేసుకున్నాడు. బావ మీద ఫోర్‌మన్‌కు కోపం వస్తే, ఆ కోపం పక్కనున్న తన మీదికి జారుతుంది. కోపం వెనకాల కన్ను వస్తుంది. ఆ కన్ను తన కళ్ళను పట్టేస్తుంది. పరుగెత్తుకెళ్ళి లైబ్రరీ మెట్ల మీద బావను పట్టుకున్నాడు.

"ఒక్క రోజు నోరు కట్టుకో బావా. నా కోసం."

"నీ కోసమా?"

"నా కోసమే."

"నీ కోసం నన్ను నోరు మూసుకోమంటావు!"

"నీ కాళ్ళు పట్టుకుంటాను బావా. ఆ ఫోర్‌మన్‌తో నాకు రోజూ పని."

అది విన్న వసపిట్ట ముఖంలో ఏముందో వెల్డరుకు తెలియలేదు. ముఖం ఉండాల్సిన చోట మచ్చ ఉంది.

"సరే. కానీ నా పక్కనే కూర్చోవాలి" అన్నాడు ఆఖరికి.

ఆ రోజు రానే వచ్చింది. ఇంటి దగ్గర నుంచి సంఘం గేటు దాకా వసపిట్ట మామూలుగానే వాగాడు. ఇంకా చెప్పాలంటే, రెండు రోజులకు సరిపడా వాగాడు. గేటు దాటగానే టక్కున ఆపేశాడు, కుళాయి కట్టేసినట్టు. లోపల అడుగు పెట్టిన వెల్డరు తిన్నగా వెళ్ళి పళ్ళ డాక్టరు వానపాముల డబ్బాలో కాలు పెట్టాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా ఏమయ్యా!" అని డాక్టరు అరిచాడు. నెత్తికెక్కితే బాగానే ఉండును, ఎక్కడో ఒకచోట ఉన్నట్టు లెక్క.

గాలాలు వేసి కూర్చున్నారు. మొదట వెల్డరుకు స్వర్గంలా అనిపించింది. ఆహా, ఎంత హాయి, ఎంత నిశ్శబ్దం! ఇప్పుడు చూపిస్తాను నా తడాఖా అనుకున్నాడు. కాసేపటికి ఏదో తేడాగా తోచింది. వారం వారం ఈ ఏటి మీద ఎన్ని జరిగేవి! పడవలు వెళ్ళేవి, పడవలోవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు, పోట్లాట మధ్యలో ఒకరి టోపీ నీళ్ళలో పడేది, లకుముకిపిట్ట దాన్ని చూసి బెదిరేది. ఇవాళ ఏమీ జరగడం లేదు. ఏరంతా ఎండలో పరిచిన రేకులా మెరుస్తూ పడి ఉంది. అంతే.

చేతికి కళ్ళున్నాయి కదా అని చేతిని నమ్ముకున్నాడు. కర్ర లాగాడు, ఎర లేదు, ఎవరో శుభ్రంగా తినేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రొట్టెముద్ద గుచ్చి వేశాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ ఖాళీ. ఆ పూట వెల్డరు చేపలకు అన్నదానం చేశాడని చెప్పుకోవాలి.

పక్కన వసపిట్టకు దగ్గు పట్టుకుంది. ఖళ్ళుమని దగ్గాడు. వెల్డరు పట్టించుకోలేదు. గట్టిగా దగ్గాడు. ఊపిరి ఆడనట్టు దగ్గాడు.

"దగ్గు మందు తాగలేకపోయావా బావా?" అన్నాడు వెల్డరు జాలిగా.

ఇక సైగలు మొదలుపెట్టాడు. వేలు ఏటివైపు పొడిచాడు. రెండు చేతులూ పైకెత్తి, ఏదో బావిలోంచి లాగుతున్నట్టు అభినయించాడు. బల్ల మీద లేచి నిలబడి, గాల్లో కర్ర ఎత్తుతున్నట్టు చూపించాడు. ఒడ్డునున్నవాళ్ళంతా గాలాలు వదిలేసి ఆయననే చూస్తున్నారు. చూడనిది ఒక్క వెల్డరే.

"మాటలు లోపల కుళ్ళితే ఇలాగే చేతుల్లోకి, కాళ్ళలోకి దిగుతాయి" అని పళ్ళ డాక్టరు పక్కవాళ్ళకు వివరించాడు. "ఇంకాసేపట్లో చెవుల్లోంచి వస్తాయి, చూస్తూ ఉండండి."

మధ్యాహ్నం టీ అమ్మే ఆవిడ కెటిల్ పట్టుకుని ఒడ్డు వెంబడి వచ్చింది. వసపిట్ట చేతులు కడుక్కోడానికి దిగువకు వెళ్ళాడు. వెల్డరు టీ గ్లాసు అందుకుంటూ, "చూశావా అమ్మా, మా వసపిట్ట పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు!" అన్నాడు గొప్పగా.

"ఇందులో వింతేముంది అన్నా? ఆయన ఎప్పుడూ అంతేగా!"

"ఎవరు? మా బావా?"

"ఆయనే. మొన్నా మధ్య మీకు జ్వరమొచ్చి రాలేదు చూడండి, ఆ వారం ఒక్కడే వచ్చాడు. పొద్దస్తమానం కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. టీ కావాలా అంటే తల ఊపాడు, చక్కెర కావాలా అంటే తల అడ్డంగా ఊపాడు. బుట్టెడు చేపలు పట్టుకుని వెళ్ళిపోయాడు."

"చేపలు పట్టాడా? వాడా?"

"బుట్టెడు! మూత పట్టలేదంటే నమ్మండి. మా ఆడపడుచు ఆ లైబ్రరీలోనే ఊడుస్తుంది లెండి. ఏళ్ళ తరబడి ఆయన గొంతు వినలేదంటుంది. మీరు పక్కనుంటేనే ఆ నోరు తెరుచుకుంటుంది. ఏం మందు పెట్టారో ఏంటో!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

వెల్డరు చేతిలో టీ చల్లారిపోయింది. ఆయన బుర్రలో విడివిడిగా పడి ఉన్న రేకులు ఒకదాని పక్కకు ఒకటి జరిగి, వెల్డింగు టాకా వేసినట్టు అతుక్కున్నాయి. గుమ్మం ముందు పిల్లి. కొత్తగా తవ్విన గుంట. లాగకు, ఇంకా లాగకు, మునిగింది. ఖాళీగా ఉండే వసపిట్ట బుట్ట. ఉండదూ మరి, తన బెండు వదిలేసి మనిషి రోజంతా పక్కవాడి బెండు చూస్తూ కూర్చుంటే! ఇన్నాళ్ళూ చేతికి కళ్ళున్నాయనుకున్నాడు. ఉన్నాయి. కాకపోతే అవి బావ నోట్లో ఉన్నాయి.

ముందు సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. 'అంటే వీడికి అంతా తెలుసన్నమాట! తెలిసీ నాతో ఇన్ని నాటకాలా!' దొంగ దొరికిపోయాక పోలీసు మీద కోపం తెచ్చుకున్నట్టు కాసేపు ఉడికిపోయాడు. ఆ కోపం తీరకముందే వెనక బూట్ల చప్పుడైంది. ఆ చప్పుడు ఆయనకు బాగా తెలుసు. రోజూ షెడ్డులో వినేదే.

వసపిట్ట అప్పుడే వచ్చి తన బల్ల మీద కూర్చుంటున్నాడు. ఫోర్‌మన్ ఆయన వంక అనుమానంగా చూసి, వెల్డరు నెత్తి మీద నిలబడ్డాడు.

"ఏమయ్యా, పొద్దుటి నుంచి చూస్తున్నాను. బెండు మునిగితే లాగవు, మునగనప్పుడు లాగుతావు. నిద్రపోతున్నావా?"

"లేదు సార్. బాగా మింగనిద్దామని."

"మొన్న షెడ్డులో నువ్వు వేసిన వెల్డింగు కుట్టు వంకర పోయింది. డాక్టరు డబ్బాలో కాలు పెట్టావట. కళ్ళు బాగానే ఉన్నాయా?"

"నా కళ్ళకేం సార్, దివ్యంగా ఉన్నాయి."

"అయితే నీ బెండు ఎక్కడుందో వేలితో చూపించు."

వెల్డరు ఏటివైపు చూశాడు. మచ్చ పక్కనుంచి చూశాడు, మచ్చ కిందనుంచి చూశాడు. నీళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ తళతళల్లో ప్రతిదీ బెండే. వేలు పైకెత్తాడు. ఆ వేలు చివర పెళ్ళాం, పిల్లలు, ఇంటద్దె, అందరూ వేలాడుతున్నారు.

"చూపించవేం?"

"బావా!"

ఆ కేకకు అవతలి ఒడ్డున కొంగలు లేచాయి. వసపిట్ట బల్ల మీద నిలబడి ఉన్నాడు.

"రెల్లుపొద పక్కన, విరిగిన కొమ్మకు ఇవతల నీ బెండు నిలువునా మునిగిపోయి జెల్ల గుంజుతుంటే ఆయనతో ముచ్చట్లేంటి బావా? లాగు! కుడికి! తాడు బిగిసింది, కొద్దిగా వదులు. ఆఁ, ఇప్పుడు లాగు!"

వెల్డరు లాగాడు. మూరెడు జెల్ల చేప ఒకటి టపటప కొట్టుకుంటూ ఒడ్డున పడింది.

"పడింది! మీసాలు చూడు బావా! అచ్చం ఫోర్‌మన్ గారి మీసాలే. కాకపోతే దీనివి రంగు వెయ్యనివి!"

ఒడ్డంతా గొల్లుమంది. పళ్ళ డాక్టరు కూడా నోరు తెరిచి నవ్వాడు. ఆయన పళ్ళ పరిస్థితి అంతంత మాత్రమేనని అప్పుడే లోకానికి తెలిసింది. ఫోర్‌మన్ ముఖం బొగ్గుల కొలిమి అయింది. వెల్డరు వేలూ, బెండూ, కళ్ళూ ఆయన బుర్రలోంచి ఎగిరిపోయాయి.

"మాట్లాడావు!"

"మాట్లాడాను."

"ఇవాళ్టితో సంఘంలో నీ పేరు లేదు!"

"లేకపోతే పోనివ్వండి. అదిగో సార్, మీ బెండు కూడా మునిగింది."

"నోర్ముయ్!"

"మూస్తాను సార్. మీ కర్ర ఏట్లోకి పోతోంది. అది చెప్పేసి మూస్తాను."

ఫోర్‌మన్ వెనక్కి తిరిగి చూసేసరికి కర్ర నిజంగానే గట్టు దిగి నీళ్ళలో ఈదుతోంది. బూట్లతో సహా మోకాలి లోతు దిగి, కర్ర చివర పట్టుకున్నాడు. చేప ఎప్పుడో సెలవు తీసుకుంది. అక్కడి నుంచే వెల్డరు వైపు చెయ్యి ఊపి అరిచాడు: "నువ్వు ఉండవయ్యా, నీ మీద ఫిర్యాదేం లేదు! ఆ వాగుడుకాయను ఒక్కణ్ణే పొమ్మను!"

వెల్డరు అప్పటికే టోపీ పెట్టుకుని, సంచీ సర్దేసుకున్నాడు.

"వాడు పక్కన లేకపోతే నాకీ ఏరే కనపడదు సార్" అన్నాడు.

అంతమంది ముందు, ఫోర్‌మన్ ముఖం మీదే ఉన్న నిజం చెప్పేశాడు. ఫోర్‌మన్ దాన్ని స్నేహం అనుకుని విసుక్కున్నాడు. అదీ నిజమే కదా.

ఇద్దరూ వంతెన వైపు నడిచారు. వసపిట్ట బావ భుజం మీద చెయ్యి వేసి, ఇక దాచేదేం లేదన్నట్టు, దారి చెబుతూ నడిపించాడు. మెట్లు దిగి, చిత్తడిలో అడుగు పెట్టేదాకా వెల్డరు మూతి ముడుచుకునే ఉన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు ఆఖరికి.

"ఏది?"

"నటించకు బావా."

"లైబ్రరీకి వచ్చి లావుపాటి పుస్తకం ఒకటి తీసుకెళ్ళావు గుర్తుందా? వారం తర్వాత తెచ్చి, 'కథ బాగుంది బావా, చివర్లో కాస్త సాగదీశాడు' అన్నావు."

"అన్నాను. అయితే?"

"అది రైళ్ళ టైంటేబుల్."

వెల్డరు నడక ఆపేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, చివరికి నవ్వే వచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి అప్పుడే అడగలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా. చెప్పనిదాన్ని అడిగితే నువ్వు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. ఎందుకొచ్చిన శ్రమ? వాగితే పోయేదేముంది, నాలుగు మాటలు." అంతలోనే మళ్ళీ తనే అందుకున్నాడు: "ఇక్కడ రాయి ఉంది, ఎక్కి దిగు. రేపు కంటి ఆసుపత్రికి వెళ్తున్నాం. చెల్లెమ్మకు ఇవాళే చెప్పేస్తావు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను, నా నోటి సంగతి తెలుసుగా."

"ఆసుపత్రి అంటే కార్ఖానాకు తెలుస్తుంది బావా. తీసేస్తారు."

"మీ షెడ్డువాళ్ళలో కళ్ళ మీద బంగాళదుంప ముక్కలు పెట్టుకోనివాడు ఎవడైనా ఉన్నాడా?"

వెల్డరు ఆలోచించాడు. "ఎవడూ లేడు."

"అందరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళండి, అక్కడి నుంచి అందరూ కలిసే యజమాని గదిలోకి వెళ్ళండి. ఒక్కడివే వెళ్తే నీ కళ్ళు నీ తప్పవుతాయి. అందరూ వెళ్తే ఆ పగిలిన అద్దం వాడి తప్పని తెలుస్తుంది. దాక్కోవాల్సింది నువ్వా, అద్దం ఇవ్వనివాడా?"

"నాకు మాట్లాడటం రాదు బావా."

"నేను నేర్పిస్తాను. నా పక్కన కూర్చుని ఇన్నాళ్ళు వినలేదూ!"

వెల్డరు బావ భుజం మీద తన చెయ్యి వేశాడు. గుద్దుకోకుండా నడవడానికి వేసే చెయ్యి కాదు అది.

వంతెన దిగువన సందడిగా ఉంది. బండల మీద ఆడవాళ్ళు బట్టలుతుకుతున్నారు. పిల్లలు గట్టు మీంచి దూకుతున్నారు. ఒక తాత నడుముదాకా నీళ్ళలో నిలబడి వీపు రుద్దుకుంటున్నాడు. చెక్కబల్లలు లేవు గనక ఇద్దరూ బోర్లించిన పాత పడవ మీద కూర్చుని గాలాలు వేశారు. ఇంత గోలలో చేప పడుతుందా అని వెల్డరుకు సందేహం. వసపిట్ట గొంతు సవరించుకున్నాడు.

"బావా, నీ బెండు—"

"ఏవండోయ్, టోపీ పెట్టుకున్నాయనా!" బండ మీంచి ఒకావిడ కేకేసింది. "మీ బెండు ఊగుతోంది!"

"లాగన్నా, లాగు!" అంది పక్కావిడ, పిండుతున్న దుప్పటి చేతిలోనే పట్టుకుని.

"అప్పుడే లాగితే ఏం వస్తుందే, నీ మొహం! మింగనియ్యన్నా, మింగనియ్!"

"మునిగింది! మునిగింది!" పిల్లలు నీళ్ళలో గెంతులేశారు.

"ఎడమకి తిప్పవయ్యా, ఎడమకి!" అని తాత వీపు రుద్దుకోవడం ఆపి ఆజ్ఞాపించాడు. "మా రోజుల్లో అయితే ఈపాటికి—"

"మీ రోజులు తర్వాత చెప్పు తాతా! అన్నా, తాడు వదులు! అయ్యో, అంత వదలకు!"

వసపిట్ట నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. సందు దొరకలేదు.

కర్ర చేతుల్లో వంగి వణుకుతోంది. వెల్డరు అటు తిప్పి, ఇటు తిప్పి, అన్ని సలహాలూ ఒకేసారి పాటిస్తూ, పడీ పడీ నవ్వుతున్నాడు.

"ఏం పడింది బావా? ఎంతుంది? జెల్లా, పరిగా? చెప్పవేం?"

"వీళ్ళు చెప్పనిస్తేగా!"